ఖాళీ కాని సోమవారం

సోమవారం పొద్దున్న దర్జీ ఆవిడ వేసుకున్న పథకం చాలా చిన్నది. కుక్కకు తిండి పెట్టాలి, తిండితోపాటు మందు వెయ్యాలి, చేతులు కడుక్కుని మిషను ముందు కూర్చోవాలి. ఒక గౌనుకు కుచ్చులు మిగిలున్నాయి.

కుక్కను ఇంట్లో దొరగారు అంటారు. వేలాడే పొట్ట, పలచబడ్డ జుట్టు, గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం, ఎంత పెట్టినా ఇంకా పెట్టమనే చూపు. ఇదంతా వయసు మహిమ అనుకున్నారు. పశువుల డాక్టరమ్మ రక్తం పరీక్షించి కుషింగ్స్ జబ్బని తేల్చింది.

"ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను అతిగా ఊరుతోందమ్మా. పొద్దున్నే తిండితో ఒక్క క్యాప్సూల్. ఒక్కటంటే ఒక్కటే. ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. తిండి ముట్టకపోతే వెంటనే తీసుకొచ్చెయ్యండి" అని, రోజుకొకటి చొప్పున ఏడు అరలున్న డబ్బా కూడా ఇచ్చింది.

ఏడింటికి ఆవిడ సోమవారం అర తెరిచి మందు వేసింది. అరగంట తర్వాత అటుగా వెళ్తూ చూస్తే సోమవారం అరలో క్యాప్సూల్ ఉంది.

వాళ్లమ్మకు ఇలాగే మొదలైంది. కాచిన పాలు మళ్లీ కాచేది, తాళం వేసిన తలుపుకు తాళం వెతికేది. చివరికి కూతురి ముఖంలోకి చూసి "ఎవరమ్మా నువ్వు?" అంది. తనకూ ఆ రోజులు వచ్చేశాయనుకుంది ఆవిడ. డబ్బాకు మతిమరుపు ఉండదు కదా! ఇంకాస్త తిండి పెట్టి మందు వేసింది. దొరగారు అభ్యంతరం చెప్పలేదు.

ఎనిమిదింటికి అర మళ్లీ నిండి ఉంది.

ఈసారి చెయ్యి రాలేదు. క్యాప్సూల్ అరచేతిలో పెట్టుకుని అద్దం ముందు నిలబడి, "వేశానా? వెయ్యలేదా?" అని గొణుక్కుంది. అద్దంలోని మనిషి కూడా తెల్లమొహమే వేసింది. భర్తకు చెబుదామనుకుని మానుకుంది. చెబితే అది నిజమైపోతుంది.

మంగళవారం మందు వెయ్యగానే గోడ మీద సుద్దతో గీత గీసింది. అర నిండింది. గీత గీసి మందు మరిచిపోయానేమోనని మళ్లీ వేసింది. బుధవారం డబ్బాను బట్టల బీరువాలో దాచింది. అక్కడా నిండింది.

గురువారం భర్త పనికి వెళ్లి వీధి తలుపు మూసుకున్నాక, ఆవిడ మిషను దగ్గర కూర్చుంది. దొరగారు తలెత్తి, ఆవిడ వెనక గుమ్మంకేసి చూస్తూ మెల్లగా తోక ఆడించసాగింది. లోపలి గదిలో 'టక్'మని మూత పడింది.

"ఎవరది?"

వెనక్కి తిరిగితే కర్టెన్ ఒక్కటే ఊగుతోంది. కుక్క మాత్రం ఎవరినో సాగనంపుతున్నట్టు వెనక తలుపు దాకా చూపు తిప్పింది.

శనివారం దొరగారు మిషను కింద పడుకుని లేవలేదు. తిండి గిన్నె ముక్కు ముందు పెట్టినా కదల్లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆసుపత్రిలో ఆవిడ భోరుమంది. "నేనే చంపేశాను డాక్టరమ్మా! రోజుకు రెండేసి వేశాను, నిన్న మూడు కూడా వేశాను. నాకు మతి నిలవడం లేదు."

డాక్టరమ్మ ఆదరాబాదరాగా రక్తం తీసింది. చాలాసేపటికి కాగితం పట్టుకుని, నుదురు చిట్లించి బయటికొచ్చింది.

"వింతగా ఉందమ్మా. కార్టిసాల్ పడిపోలేదు సరికదా, మొదట్లో ఎంతుందో అంతే ఉంది. ఈ కుక్కకు మందు పడినట్టే లేదు."

"మరి రోజూ నేను వేసింది ఎవరికి?" అంది ఆవిడ, వినపడీ వినపడనట్టు.

వెంట వచ్చిన భర్త ముందుకు జరిగాడు. ఆయన ముప్పై ఏళ్లుగా విడిభాగాల గోదాములో స్టోర్‌కీపరు.

"దానికేనే. మంగళవారం నుంచి అందులో ఉన్నది పిండి. ఖాళీ క్యాప్సూళ్లు కొని నేనే నింపాను."

"ఎందుకండీ?"

"నువ్వే మింగుతున్నావనుకున్నాను. అద్దం ముందు నిలబడి, చేతిలో మాత్ర పెట్టుకుని మాట్లాడుకుంటుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పనికెళ్లినట్టు వెళ్లి, వెనక తలుపులోంచి వచ్చి, బీరువాలో దాచినా వెతికి, రోజూ లెక్క చూసి ఖాళీ అరలో పిండివి పెట్టాను. నీకేమైనా అయితే నేనేం కావాలి?"

"అసలు సోమవారం ఆ అర నింపిందెవరు?"

"నేనే. ఖాళీ అయింది కదా, వచ్చే సోమవారానికి సరుకు పెట్టాను. ఖాళీ అర కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు."

ఆవిడ చేతిసంచీతో ఆయన భుజం మీద ఒక్కటిచ్చింది. మరుక్షణం ఆ భుజం మీదే తల వాల్చి ఏడ్చింది. "అయితే నాకు మతి పోలేదా?"

"నీకు పోలేదు. నాకే ఎప్పుడూ లేదు."

డాక్టరమ్మ దొరగారి పొట్ట నొక్కింది. గదంతా వినపడేలా ఒక త్రేన్పు వచ్చింది. "మొదటి రోజు మోతాదు ఎక్కువైనా అదృష్టం కొద్దీ తట్టుకుంది. ఇప్పుడు దీన్ని పడుకోబెట్టింది ఆ జబ్బు కాదు, అజీర్తి. మందు వేసిన ప్రతిసారీ టిఫిను పెట్టారుగా! రేపట్నుంచి అసలు మందు వెయ్యండి, ఒకే ఒక్కరు, ఒకే ఒక్కసారి."

కుక్క జబ్బు కుక్కకు అలాగే ఉంది గానీ, ఆ వారం మందుతో ఆవిడకు మాత్రం మతిమరుపు భయం పూర్తిగా నయమైంది.