రెల్లుపొదల్లో వింత కూత

తెల్లవారుతూనే సరస్సుకు వెళ్ళి, వలస బాతులను కంటినిండా చూసి, షాపు తెరిచే వేళకు ఇంటికి వచ్చేయాలన్నది ఆ రోజు కళ్ళజోళ్ళ షాపాయన వేసుకున్న పథకం. ఆకులు రాలే కాలం మొదలైంది. ఎక్కడి మంచుదేశాల నుంచో బాతులు గుంపులు గుంపులుగా దిగుతున్నాయని పక్షిప్రేమికుల సంఘంలో ఒకటే చెప్పుకుంటున్నారు.

"నేనూ వస్తానండీ. అన్ని పక్షులు ఒక్కసారి నీళ్ళమీద వాలితే ఎలా ఉంటుందో చూడాలనుంది" అంది భార్య.

"ఆదివారం తీసుకెళ్తాగా! బాతులెక్కడికి పోతాయి?" అన్నాడాయన బూట్లు తొడుక్కుంటూ.

ఆవిడ సరేనంది. కాకపోతే చీకట్లో ఒంటరిగా పంపడం ఇష్టంలేక తన తమ్ముణ్ణి తోడిచ్చింది. ఆ బావమరిదికి మెలకువగా ఉంటే నోరు ఊరుకోదు. నోరు ఊరుకుంటే నిద్ర ఆగదు.

"బావా, ఆ తెల్లది కొంగేనా? ఈ నల్లది కాకేనా? దీన్ని ఇంట్లోనే చూడొచ్చుగా?" అని ఒడ్డున ప్రాణం తోడేస్తుంటే, "నువ్వెళ్ళి ఆ పడవల దగ్గర కూర్చోవయ్యా, పుణ్యముంటుంది" అని ఆయన తరిమేశాడు.

మంచు దట్టంగా ఉంది. కాసేపటికి రెల్లుపొదల్లోంచి ఒక కూత వినిపించింది. మొదట ఘుర్రుమని దీర్ఘం, తర్వాత సన్నటి ఈల, చివర్న టప్పుమని ఒక చప్పుడు. ఇలాంటి కూత ఆయన ఎన్నడూ వినలేదు. సంఘంలో ఆయనకు ఇంతవరకూ చెప్పుకోదగ్గ పక్షి ఒక్కటీ దొరకలేదు. ఆయన తలతిప్పేసరికి పక్షి ఎగిరిపోయేది, ఎగరకపోతే అది పిచ్చుకయ్యేది. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి ఇది ఎంత నామోషీ! వెంటనే కూతను ఫోనులో రికార్డు చేసి సంఘానికంతటికీ పంపాడు.

అధ్యక్షుడి జవాబు క్షణంలో వచ్చింది. "ఇది మామూలు కూత కాదు. కదలకండి, వస్తున్నాం."

ఆయన మాత్రం ఆగలేక పొదల్లోకి తొంగిచూశాడు. కట్టేసిన పడవలో బావమరిది వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, ఘుర్రుమని దీర్ఘం తీస్తున్నాడు.

ఉన్నమాట చెప్పేద్దామని ఆయన వెనక్కి పరిగెత్తాడు. అప్పటికే సంఘమంతా ఒడ్డుకు చేరింది. రిటైరైన లెక్చరరైన అధ్యక్షుడు ఎదురొచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"సంఘం పేరు నిలబెట్టారండీ!"

"అది కాదండీ, అసలు సంగతేంటంటే..."

"ష్! గట్టిగా మాట్లాడకండి. ఎటునుంచి వినిపించింది?"

అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. అలా ఎవరూ ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. గొంతుదాకా వచ్చిన నిజం గుటకపడి లోపలికి పోయింది. పడవవైపు పోనివ్వకుండా ఉంటే చాలనుకుని, ఎదురుగా దూరాన ఉన్న లంకవైపు చెయ్యి చూపాడు.

లంక చాటున బాతులు సేదతీరుతున్నాయి. ఆ సంగతి ఆయనకు గుర్తొచ్చేలోపే సంఘంవాళ్ళు ఎక్కిన మోటారు పడవ బయల్దేరిపోయింది. ఆ చప్పుడుకు సరస్సు సరస్సంతా లేచినట్టు వేల రెక్కలు ఒక్కసారి పైకెగిరాయి. ఆకాశం నల్లబడింది. గుంపు రెండుమూడు చుట్లు తిరిగి, దిగడానికి ధైర్యం చాలక, కొండ దాటి వెళ్ళిపోయింది.

"ఏమైంది బావా, వానొచ్చిందా?" అంటూ బావమరిది కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. బాతులు పోయినా కూత దొరికిందని సంఘమంతా మెచ్చుకుంటూ సాగనంపితే, ఆయన సంబరంగానే ఇల్లు చేరాడు.

ఆదివారం ఆయన మాట ప్రకారం భార్యను తీసుకెళ్ళాడు. నీళ్ళమీద ఒక్క రెక్క లేదు. ఆవిడ చాలాసేపు చూసి, "నీళ్ళు బావున్నాయండీ" అంది. ఆ మాటను ఆయన తట్టుకోలేకపోయాడు. జరిగిందంతా చెప్పేశాడు.

"నాకు తెలుసు" అందావిడ. "ఆ రికార్డింగు ఊరంతా తిరిగి మనింటికీ వచ్చింది. ఆ గురక వింటూనే పెరిగినదాన్ని, పోల్చుకోలేనా?"

"మరి ఒక్కమాట అనలేదేం?"

"మీరంత సంబరంగా ఇంటికొచ్చి ఎన్నాళ్ళైందో! నోరు రాలేదు."

తను తిట్లు తినడానికైనా సిద్ధపడి వచ్చాడు గానీ, దీనికి సిద్ధపడలేదు. మర్నాడే అధ్యక్షుడి ఇంటికి వెళ్ళాడు.

"అది పక్షి కాదండీ, మా బావమరిది గురక!"

"అచ్చం మనిషి గురకలా ఉంటుందని నేనూ నిపుణులకు రాశాను" అన్నాడు అధ్యక్షుడు మెచ్చుకోలుగా. "వాళ్ళే తేల్చుకోలేకపోతున్నారు."

"కావాలంటే అతన్ని ఇక్కడే పడుకోబెట్టి వినిపిస్తాను!"

"అనుకరించేవాళ్ళకేమండీ, బోలెడుమంది ఉంటారు. మీకు వినయం మరీ ఎక్కువ."

మరుసటి ఏడు ఆకులు రాలే కాలానికి, ఆ కూత వినాలని ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి సరస్సు చుట్టూ గుడారాలు వేశారు. బాతులు మాత్రం రాలేదు.