కట్టెల ధరకి మంచం

మొదట చేతిలో ఏముందో చెప్పుకోవాలి. మూడు గదుల అద్దె ఇల్లు. అందులో ఒక టేకు మంచం, ముగ్గురు సర్దుకుంటే నలుగురు కూర్చోగల సోఫా, ఆరు కుర్చీలతో భోజనాల బల్ల, నిలువెత్తు అద్దం, చప్పుడు చేయని ఫ్రిజ్. బజారులో సూట్‌కేసుల దుకాణం. ఇంట్లో ఒక భార్య, ఆమె నోట్లో పదునైన నాలుక. విదేశంలో ఒక తోడల్లుడు. పెట్టెలాయన మనసులో గీసుకున్న లెక్కలో మొదటివన్నీ ఆస్తి, ఆ చివరిదొక్కటే బాకీ.

పెట్టెలాయన అనే పేరు వీధి పెట్టింది. ఊరు దాటిన ప్రతివాడికీ సూట్‌కేసు ఆయనే అమ్మాడు. తను మాత్రం పక్క ఊరికి వెళ్ళినా చేతిసంచితో వెళ్ళి సాయంత్రానికల్లా వచ్చేసేవాడు. తోడల్లుడు సైతం ఆయన దుకాణంలో కొన్న రెండు పెట్టెలతోనే ఆ దేశం వెళ్ళి స్థిరపడ్డాడు. చుట్టమని మొహమాటపడి లాభం వేసుకోకుండా ఇచ్చిన ఆ రెండు పెట్టెలు పెట్టెలాయన గుండెల మీద ఇప్పటికీ బరువుగానే ఉన్నాయి. పైగా ఆ మనిషి ప్రతి ఆదివారం ఫోను చేసి, "ఇంకా అక్కడే ఉన్నావా అన్నయ్యా?" అని పలకరిస్తాడు. బస్సు వెళ్ళిపోయాక స్టాండులో నిలబడ్డవాణ్ణి అడిగినట్టుంటుంది ఆ గొంతు.

అలాంటి ఒక ఆదివారం, ఫోను పెట్టేసిన వేడిలో, ఆయన ఆ దేశపు శాశ్వత నివాస వీసాకి దరఖాస్తు పెట్టాడు. వెళ్తే తోడల్లుడి ఇంటికి ఎదురిల్లే తీసుకోవాలని కూడా అప్పుడే తీర్మానించుకున్నాడు.

తర్వాత చాలాకాలానికి ఒక పొద్దున కాఫీ తాగుతుండగా వీసా ఏజెంటు ఫోను చేశాడు. "కాగితాలన్నీ పాసయ్యాయి సార్. ఇక వచ్చేసినట్టే."

"వచ్చేసినట్టేనా, వచ్చేసిందా?" అని అడిగింది భార్య.

"ఆ రెండిటికీ మధ్య ఉన్న సందులోనే లాభం ఉంటుంది," అన్నాడు పెట్టెలాయన. "వెళ్ళిపోతున్నామని తెలిసిందా, మన మంచాన్ని కట్టెల ధరకి అడుగుతారు. తెలియకముందే అమ్మితే మంచం మంచం ధరకి పోతుంది. సామానంతా ఇవాళే అమ్మేస్తాను."

"ఎందుకమ్ముతున్నావని అడిగితే?"

"కొత్తవి వస్తున్నాయంటాను."

"ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట. మీ యవ్వారం అలాగే ఉందండీ."

"నీకు వ్యాపారం తెలీదు."

"మీరు తెలుసు కదా, చాలదూ?"

సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. బల్లా కుర్చీలూ ఎదుటి టైలరు కొన్నాడు. బట్ట పరిచి కత్తిరించడానికి ఆ బల్ల మీద అతనికి ఎప్పటినుంచో కన్నుంది. అద్దమూ సోఫా మలుపులోని సెలూనబ్బాయి పట్టుకుపోయాడు. ఫ్రిజ్, మంచం మందుల షాపావిడ తీసుకుంది. షాపుకొచ్చి కళ్ళు తిరిగి పడేవాళ్ళని పడుకోబెట్టడానికి ఆవిడకి మంచం కావాలట. ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తగ్గకుండా, ఎవరికీ అసలు సంగతి తెలియకుండా బేరం ముగిసింది. ఇంట్లో తుమ్మితే మూడో గది జవాబు చెబుతోంది. దుకాణం నుంచి సూట్‌కేసులు తెచ్చి, చిన్నవాటి మీద కూర్చుని, పెద్దదాని మీద కంచాలు పెట్టుకుని మొగుడూ పెళ్ళాలు భోంచేశారు.

"కొత్త సామాను బాగుందండీ," అంది భార్య. "చక్రాలు కూడా ఉన్నాయి."

మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఏజెంటు. "శుభవార్త సార్. ఆ దేశం అధికారి మన ఊళ్ళోనే ఉన్నారు. కాసేపట్లో మీ ఇల్లు చూడ్డానికొస్తున్నారు. ఫారంలో రాసిన సామాను నిజంగా ఉందా అని ఓసారి చూసి వెళ్తారు. అంతే."

పెట్టెలాయన ఖాళీ గదుల వైపు చూశాడు. "లేకపోతే?"

"ఎందుకుండదు సార్, రాసింది మీరేగా. లేదనుకోండి, ఇక్కడ దివాలా తీసి అక్కడికి పారిపోతున్నారనుకుంటారు. ఫైలు మూసేస్తారు. మూసిందాన్ని ఇక తెరవరు."

భార్య తను కూర్చున్న సూట్‌కేసు జిప్పు లాగుతూ, మూస్తూ, "ఇలాగేనా?" అంది.

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా టైలరు దగ్గరికి పరిగెత్తాడు. వీసా మాట చెబితే, కొత్తవి వస్తున్నాయన్న అబద్ధం బయటపడి అందరూ డబ్బు వెనక్కి అడుగుతారు. చెప్పకపోతే బల్ల రాదు. అందుకని, వీధి మొత్తానికి అర్థమయ్యే కారణం ఒకటి ఎంచుకున్నాడు. "మా తోడల్లుడొస్తున్నాడు. కొత్త సామాను ఇంకా దిగలేదు. బోడి ఇల్లు చూశాడంటే చచ్చేదాకా దెప్పుతాడు. ఒక్క పూటకి బల్ల ఇవ్వు."

టైలరు చేతిలో కత్తెర ఆగింది. "ఆ ఆదివారం ఫోనువాడేనా? వాడి ముందు నీ పరువు పోతే వీధి పరువు పోయినట్టే. తీసుకెళ్ళు. కానీ బల్లతో పాటు నేనూ వస్తా."

"నువ్వెందుకు?"

"ఏమయ్యా, నీ బేరాలు నాకు తెలీవా? ఒకసారి నీ గడప దాటి లోపలికి పోయిందంటే రేపు మళ్ళీ నాకే అమ్ముతావు. పైగా స్కూలు యూనిఫారాలు ఇవాళే ఇవ్వాలి. అక్కడే కత్తిరించుకుంటా."

సెలూనబ్బాయీ అదే మాట అన్నాడు. "నువ్వంటే ప్రాణం బాబాయ్, నీ లెక్కలంటేనే భయం." అద్దంతో పాటు అతనూ, అతనితో పాటు సగం గడ్డానికి నురగ ఉన్న ఒక ఖాతాదారూ బయలుదేరారు. మందుల షాపావిడది ఇంకో చిక్కు. "ఫ్రిజ్ నిండా ఇన్సులినుంది అన్నయ్యా. అదెక్కడుంటే నా షాపు అక్కడే." ఇక మంచం మీద కళ్ళు తిరిగిన ముసలాయన ఒకడు పడుకుని ఉన్నాడు. లేపితే మళ్ళీ తిరుగుతాయని ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి నలుగురు మనుషులు మంచాన్ని మనిషితో సహా ఎత్తారు. దారిలో ఎవరో ఆగి, చేతులు జోడించబోయి, ఏమైందని అడిగితే ముసలాయనే తల ఎత్తి, "ఏం లేదు, ఇల్లు మారుతున్నాను," అన్నాడు.

అధికారి వచ్చేసరికి ఎక్కడి సామాను అక్కడ ఉంది. సామాను యజమానులూ ఉన్నారు. టైలరు బల్ల కాలుకి తన కాలు మెలేసి బట్ట కత్తిరిస్తున్నాడు. సెలూనబ్బాయి అద్దం ముందు మిగతా సగం గడ్డం గీస్తున్నాడు. మందుల షాపావిడ ఫ్రిజ్‌కి వీపు ఆనించి నిలబడింది. వెతుక్కుంటూ వచ్చిన ఇద్దరు ముగ్గురికి అక్కడే మందులిస్తోంది.

అధికారి గుమ్మంలో నిలబడి, కోటు సర్దుకుని, తను ఏ దేశం నుంచి వచ్చాడో చెప్పి, ఇల్లు చూడాలన్నాడు. రాత్రంతా ప్రయాణం చేసినవాడిలా కళ్ళు పీక్కుపోయి ఉన్నాడు.

రాగానే ఇల్లు చూస్తానంటున్నాడంటే వీడే తోడల్లుడని ముగ్గురికీ రూఢి అయింది.

అధికారి బల్లని వేలితో తట్టి, పెట్టెలాయన వైపు చూశాడు. "ఇది మీదేనా?"

"ఆయనదే," అన్నాడు టైలరు. "ఏం, మీ దేశంలో బల్లలుండవా?"

"ఆ ఫ్రిజ్?"

"అదీ అన్నయ్యదే," అంది మందుల షాపావిడ, తలుపు ఇంకాస్త గట్టిగా అదిమి.

అధికారి రాసుకున్నాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "మా దేశంలో ఎందుకు స్థిరపడాలనుకుంటున్నారు?"

ఈ ప్రశ్నకి పెట్టెలాయన ఒక జవాబు కంఠతా పట్టి ఉన్నాడు. నోరు తెరిచాడు. సెలూనబ్బాయి కత్తి గాలిలో ఆపి నవ్వాడు. "ఎవరు, బాబాయా? మీరు కాళ్ళు పట్టుకుని బతిమాలినా రాడు. ఇక్కడ ఆయనకేం తక్కువని?"

"ఊరెళ్తే సాయంత్రానికి వెనక్కొచ్చేసే మనిషండీ," అంది మందుల షాపావిడ. "మా వీధి దాటితే అన్నయ్యకి నిద్రే పట్టదు."

పెట్టెలాయన దగ్గాడు. కళ్ళు చికిలించాడు. తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గబగబా వచ్చి ఒక పెద్ద దగ్గు బిళ్ళ ఆయన నోట్లో పెట్టి, "చప్పరించండి, నమలొద్దు," అంది. ఆ తర్వాత ఆయనకి మాట్లాడే వీలు లేకపోయింది. అధికారి మళ్ళీ రాసుకున్నాడు.

అంతటితో పోయినా బాగుండేది. కానీ టైలరు కళ్ళు అధికారి కోటు మీద పడ్డాయి. "ఇది అక్కడ కుట్టిందేనా? ఒక భుజం మీది, రెండోది మీ అన్నగారిది. విప్పండి, విప్పండి. ఇక్కడ కోటంటే ఎలా ఉంటుందో చూద్దురుగాని." విప్పేదాకా వదల్లేదు. "ఆ గడ్డం చూడండి," అందుకున్నాడు సెలూనబ్బాయి. "అక్కడ గీసుకుంటారా, గీక్కుంటారా?" అధికారిని అద్దం ముందు కుర్చీలో కూలేసి నురగ పట్టించాడు. మందుల షాపావిడ చేయి పట్టి నాడి చూసి, "రాత్రి ఏమీ తినలేదు కదూ? మీ వాళ్ళెవరూ అడగరా?" అని కేకలేసి, బిళ్ళ ఒకటి మింగించింది. తోడల్లుడి పొగరు అణచడమే పనిగా ముగ్గురూ తమ తమ విద్యలన్నీ చూపించారు. అధికారి మధ్యలోనే గురక పెట్టాడు.

లేచాక అద్దంలో చూసుకున్నాడు. చెంప నిమురుకున్నాడు. కోటు తొడుక్కుని భుజాలు కదిపి చూశాడు. అవి తనవే. జేబులోంచి కార్డులు తీసి ముగ్గురికీ తలొకటి ఇచ్చాడు. "మా దేశంలో మీలాంటి పనివాళ్ళ కోసం వెతుక్కుంటున్నాం. వీసా ఆఫీసుకొచ్చి నన్ను కలవండి," అని, పెట్టెలాయన భుజం తట్టి, "అదృష్టవంతులు మీరు," అనేసి వెళ్ళిపోయాడు.

టైలరు కార్డు తిప్పి తిప్పి చదివాడు. "ఏమయ్యా, ఇతను నీ తోడల్లుడు కాదా?"

దగ్గు బిళ్ళ అప్పటికి కరిగింది. "కాదు."

"అంటే మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోదామనుకున్నావు. మాట మాత్రం చెప్పకుండా."

"చెబితే," అన్నాడు పెట్టెలాయన, "ధర పడిపోతుందని."

ముగ్గురూ ఎవరి సామాను వాళ్ళు ఎత్తుకున్నారు. గుమ్మం దాటుతుంటే మంచం మీది ముసలాయన కళ్ళు తెరిచి, "మళ్ళీ మారుతున్నామా?" అన్నాడు.

వీసా తేలేదాకా కొత్త సామాను కొనడం దండగని పెట్టెలాయన సూట్‌కేసుల మీదే కాలం గడిపాడు. చివరికి జవాబు వచ్చింది. దరఖాస్తుదారుకు ఈ దేశం రావాలన్న కోరిక ఏమాత్రం లేదనీ, ఇంతమంది ఇంత ప్రేమగా చూసుకునే మనిషిని ఆ వీధి నుంచి కదిలించడం సబబు కాదనీ అధికారి అభిప్రాయమట. ఫైలు మూసేశారు. అదే వారంలో టైలరుకీ, మందుల షాపావిడకీ, సెలూనబ్బాయికీ వీసాలు వచ్చాయి.

వాళ్ళకి పెట్టెలు కావాలి. వీధిలో పెట్టెల దుకాణం ఒక్కటే. ముందు సెలూనబ్బాయి వచ్చాడు. అలక తీరిందో, అవసరం తీర్చిందో గాని నవ్వుతూనే వచ్చాడు. "బాబాయ్, మంచివి రెండు చూపించు. మనలో మనకి లాభం వద్దు."

"లాభం వద్దనుకుని ఒకసారి ఇచ్చి, ప్రతి ఆదివారం వడ్డీ కడుతున్నాను," అని పెట్టెలాయన లాభం వేసుకునే ఇచ్చాడు.

కుర్రాడు పెట్టె పిడి పట్టుకుని కాస్త తటపటాయించాడు. "సోఫా, అద్దం ఉండిపోయాయి. ఎవరైనా కొనేవాళ్ళుంటే చెప్పు బాబాయ్."

"నువ్వు వెళ్ళిపోతున్నావని అందరికీ తెలుసా?"

"వీధంతా తెలుసు. నేనే చెప్పా."

"అయితే నేను కొంటాను," అన్నాడు పెట్టెలాయన. "వెళ్ళి కట్టెల అడితిలో ధరెంతుందో కనుక్కుని రా."

మంచం, బల్ల, ఫ్రిజ్ కూడా అదే దారిన వెనక్కి వచ్చాయి. "పాపం కదండీ," అంది భార్య, సోఫా దుమ్ము దులుపుతూ.

"పాపమే. అందుకే మోత కూలి నేనే పెట్టుకున్నాను."

ముగ్గురూ వెళ్ళిపోయిన కొంతకాలానికి, ఒక ఆదివారం తోడల్లుడు ఫోను చేశాడు. "అన్నయ్యా, మీ సెలూనబ్బాయి మా ఎదురింట్లోనే దిగాడు. ఏం చెయ్యనుకున్నావు వాడిది, వెన్న రాసినట్టుంటుంది. ఇంతకీ నువ్వింకా అక్కడే ఉన్నావా?"

పెట్టెలాయన ఫోను పెట్టేసి, అద్దం ముందు నిలబడి లెక్క చూసుకున్నాడు. మంచం ధరకి పోయిన మంచం కట్టెల ధరకి తిరిగొచ్చింది. సోఫా, బల్ల, ఫ్రిజ్, అద్దం, అన్నీ అంతే. తేడా అంతా మిగులు. దాని మీద ఆరు సూట్‌కేసుల లాభం. భార్య నాలుక పదును తగ్గలేదు, తోడల్లుడు ఎక్కడున్నవాడు అక్కడే ఉన్నాడు. ఎటు కూడినా, ఎటు తీసేసినా ఎక్కడా నష్టం కనబడలేదు. అద్దంలో మాత్రం గీసే చెయ్యి లేక మాసిన గడ్డం కనబడింది.