పొగడ చెట్టుకు సున్నం గుర్తు

కరీంనగర్ వకీలు రామేశ్వర్‌రావు ఆ రోజు పొద్దున చాయ్ తాగుతూ ఒక మంచి పని చేద్దామనుకున్నాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో భార్యను అడక్కుండా చేసిన పనులు బోలెడున్నాయి గానీ, భార్య కోసం చేసింది ఒక్కటీ లేదు. 1961 వేసవి. కోర్టుకు సెలవులు. భార్య నిర్మలాదేవి తన అన్న కూతురి పెళ్ళికి మంథని వెళ్ళింది, పది రోజుల దాకా రాదు. ఆమె వచ్చేసరికి ఇంటి వెనుక దొడ్డిని అందమైన తోటగా మార్చాలని ఆయన పథకం.

అందుకు హైదరాబాదు నుంచి లింగమూర్తిని పిలిపించాడు. బంగళాలకు తోటల నక్షాలు గీసి, దగ్గరుండి వేయించడం అతని వృత్తి. రెండు రోజులు దొడ్డంతా తాడుతో కొలిచి, అతను మొట్టమొదట అడిగిన ప్రశ్న ఒకటే.

"ఇంట్ల అమ్మకు ఏ చెట్టంటే ఇష్టం సార్?"

"గా పొగడ. వాళ్ళ బాపు, అంటే మా మామ, మంథని నుంచి తెచ్చి, తన చేతుల్తోని పెట్టిండు. ఆయన పోయి ఆరేండ్లాయె. పొద్దుగూకంగ ఆమె దాని కిందనే కూసుంటది."

"అయితే తోటంత దాని చుట్టే ఉండాలె," అన్నాడు లింగమూర్తి. పొగడకు, జామకు, రెండు నిమ్మలకు, వేపకు మొదళ్ళలో సున్నంతో పట్టీలు వేశాడు. "సున్నం ఉన్న చెట్లు ఉండాలె. మిగిలిన తుమ్మలు, ముండ్లకంప తీసేపియ్యుండ్రి. నేను వోయి మొక్కలు, అమ్మ కూసునేటందుకు రాతి బల్ల తెస్త," అని చెప్పి బస్సెక్కాడు.

కంప తీయడానికి చెన్నూరు నుంచి భూమన్న నలుగురు మనుషులతో వచ్చాడు. సర్కారు నరకడానికి కేటాయించిన అడవి ముక్కల్లో, అంటే కూపుల్లో, టేకు కొట్టడం అతని పని. అక్కడ అడవి శాఖవాళ్ళు సున్నం గుర్తు పెట్టిన చెట్టునే కొట్టాలి. గుర్తు లేని దాని మీద గొడ్డలి పడితే కేసే. పోయిన ఏడాది భూమన్న అలాంటి కేసులోనే ఇరుక్కుంటే రామేశ్వర్‌రావే వాదించి విడిపించాడు. "ఇగ బతికినన్ని దినాలు సున్నం లేని చెట్టును ముట్టుకోకు," అని బుద్ధి కూడా చెప్పి పంపాడు. ఆ మేలు మరవకనే భూమన్న ఇప్పుడు పిలవగానే వచ్చాడు.

"ఏ చెట్లు కొట్టాలె దొరా?"

రామేశ్వర్‌రావు అప్పుడే భోజనం చేసి ఉన్నాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. "గుర్తులు పెట్టే ఉన్నయి గద. గుర్తుల సంగతి నీకు నేను చెప్పాల్నా?" అని లోపలికి వెళ్ళి పడుకున్నాడు.

లేచి వచ్చేసరికి దొడ్డి నిండా ఎండ. పొగడ, జామ, నిమ్మలు, వేప వరుసగా నేల మీద పడుకుని ఉన్నాయి. తుమ్మలు మాత్రం నిక్షేపంగా నిలబడి ఉన్నాయి. మేకలు మేయకుండా భూమన్న వాటికి దడి కూడా కట్టించాడు.

"ఏం జేసినవ్‌రా!"

"మీరు చెప్పినట్టే దొరా. సున్నం లేనిదాన్ని ఒక్కదాన్ని ముట్టలే."

రామేశ్వర్‌రావు అరుగు మీద కూలబడ్డాడు. తిడదామంటే తిట్టవలసినవాడు తానే. సరిగ్గా అప్పుడే మంథని నుంచి వచ్చిన మనిషొకడు కబురు చెప్పాడు. దొరసానికి పెళ్ళింటి ఉక్క పడడం లేదట, పొగడ నీడ యాదికొచ్చిందట, రేపే బయల్దేరుతోందట.

"ఫికర్ చెయ్యకుండ్రి దొరా," అన్నాడు భూమన్న. "మోడు మీద మన్ను కప్పి, పక్కన గుంత తీసి చెట్టును నిలవెడ్త. ఆకు పచ్చగనే ఉన్నది."

నిదానంగా ఉన్నప్పుడైతే రామేశ్వర్‌రావు ఒప్పుకునేవాడు కాదు. భయంలో ఉన్నాడు కనుక ఒప్పుకున్నాడు. ఐదుగురూ కలిసి పొగడను గుంతలో దింపి, మన్ను తొక్కి, గోడకు తాళ్ళతో బిగించారు.

మర్నాడు సాయంత్రం నిర్మలాదేవి వచ్చి దొడ్డిలోకి చూసింది.

"నిమ్మచెట్లేవి?"

"పురుగు వట్టింది."

"జామ?"

"కోతులు విరగ్గొట్టినయి."

"వేప?"

"గాలిదుమారం వచ్చింది."

"పక్కింటోళ్ళ రేకులు గూడ లేవలేదు గద?"

"సుడిగాలి. మన దొడ్లెకే వచ్చింది."

"పొగడకు గీ తాళ్ళేంది?"

"మళ్ళ దుమారమొస్తే పడొద్దని!" అన్నాడు రామేశ్వర్‌రావు. అతికినట్టున్న ఈ జవాబుకు తనను తానే మెచ్చుకున్నాడు.

తెల్లవారి నిర్మలాదేవి బావిలోంచి బిందెడు నీళ్ళు చేది పొగడ మొదట్లో పోసింది. మరో బిందె పోసింది. రెండో రోజూ పోసింది, మూడో రోజూ పోసింది.

"ఆకులు వాడినయేంది?" అని అడిగింది.

"ఎండకు," అన్నాడాయన.

"ఎండకే అయి ఉంటది," అని మళ్ళీ బావి దగ్గరికి వెళ్ళింది. ఆయన అరుగు మీదే కూర్చుని చూశాడు. ఆమె చేదే ప్రతి బిందే ఆయనకు గుండెల మీద పెట్టినంత బరువుగా ఉంది. లేచి చెప్పేద్దామని రోజుకు పదిసార్లు అనుకున్నాడు. పదిసార్లూ చాయ్ అడిగాడు.

నాలుగో పొద్దున బిందె ఒంపుతుండగా, నానిన మన్ను జారింది. పొగడ నెమ్మదిగా ఒరిగింది. తాళ్ళు గోడలోంచి రెండు ఇటుకలను పీకేశాయి, చెట్టు పోయి తుమ్మల దడి మీద పడింది.

"నిర్మలా, దానికి ఏర్లు లేవు!" రామేశ్వర్‌రావు పరుగెత్తుకొచ్చాడు. "కోతులు లేవు, గాలి లేదు. నేనే కొట్టిపిచ్చిన. నీ కోసం తోట చేపిద్దామనుకున్న. ఏది ఉంచాల్నో ఏది కొట్టాల్నో ఒక్క మాట సక్కగ చెప్పకుంట వోయి పండుకున్న. మీ బాపు పెట్టిన చెట్టు..." మాట అక్కడే వదిలేసి, పడిన చెట్టు కొమ్మను పట్టుకుని లేపబోయాడు.

నిర్మలాదేవి బిందె దించింది. "వచ్చిన తెల్లారే తెలిసింది నాకు. ఇన్నేండ్లు దాని కింద ఊడ్చినదాన్ని. పూత మీదున్న పొగడ పొద్దుటికి పూలు రాల్చకుంట ఉంటదా? ఆ పొద్దు ఒక్క పువ్వు లేదు."

"మరి గిన్ని దినాలు నీళ్ళెందుకు వోసినవ్?"

"మీరు చెప్తరేమోనని. మొదటి బిందెకే చెప్తరనుకున్న."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని లోపలికి వెళ్ళింది. ఆ సాయంత్రమే లింగమూర్తి రాతి బల్లతో దిగాడు. ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పలేకపోయారు.

సెలవులయ్యాక కోర్టు తెరిచారు. ఆ ఏడాదంతా రామేశ్వర్‌రావు బోనెక్కిన ఒక్క సాక్షిని కూడా "అబద్ధం చెప్తున్నవ్" అని గద్దించలేదు.