గుట్ట సందులో సైకిల్ బెల్లు

మర్నాడు కామారెడ్డిలో రైలెక్కి బొంబాయి పోవలసిన మొయినుద్దీన్, ఆ పొద్దున చాయ్ తాగుతూ, గుట్టలు చూసి వస్తానన్నాడు. అది 1984 మార్చి నెల. మస్కట్‌లో అతని గదిలో ఉండే కేరళ మిత్రుడు ఏ మాట మొదలుపెట్టినా తమ ఊరి కొండల దగ్గరే ముగించేవాడు. విని విని విసిగి, మా ఎల్లారెడ్డి దగ్గర కూడా కొండలున్నాయని మొయినుద్దీన్ ఒకరోజు అనేశాడు. ఇప్పుడు ఫోటో లేకుండా వెళ్తే ఆ గదిలో మరో రెండేళ్లు తలెత్తుకోలేడు.

ఎల్లారెడ్డికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, కామారెడ్డి రోడ్డు నుంచి చీలిన బండ్లబాట ఒకటి రెండు గుట్టల సందులోంచి అవతలికి పోతుంది. మోదుగలు పూసే కాలంలో ఆ సందు చూసి తీరాలని ఊళ్లో అందరూ అంటారు. చూసొచ్చిన వాళ్లు మాత్రం తక్కువ, ఎందుకంటే అక్కడ ఎలుగుబంట్లున్నాయి.

తోడుగా బావమరిది ఘనీని రమ్మన్నాడు. ఘనీ దర్జీ. కుట్టుమిషన్ కింద బల్లి కనబడితే ఆ పూటకు దుకాణం మూసేసే మనిషి. కానీ ఇంట్లో ఉన్న ఒక్క సైకిల్ అతనిది. ఇరవై ఏళ్లుగా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. సొంత వాకిట్లో కూడా తాళం వేయకుండా వదల్లేదు. సైకిల్ పోవాలంటే తనూ పోవాలి గనక, నోట్లో ఏదో చదువుకుంటూ బయల్దేరాడు.

మొయినుద్దీన్‌కు భయం లేదని కాదు. అతని భయమంతా పాస్‌పోర్టు గురించే. మస్కట్‌లో పనిలో చేరిన రోజే యజమాని దాన్ని తీసుకుని బీరువాలో పెట్టాడు. మళ్లీ చేతికొచ్చింది రెండేళ్ల తర్వాత, సెలవు మీద బయల్దేరిన రోజు. ఊరికి రాగానే ఘనీ చేత గుడ్డసంచి కుట్టించుకుని, అందులో పెట్టి, మెడలో వేసుకున్నాడు. నిద్రలో కూడా తీయడు. స్నానానికి పోయేటప్పుడు భార్య రఫియా చేతికిచ్చి, బయటికి రాగానే అడిగి తీసుకుంటాడు. ఆ పొద్దున కూడా అలాగే తీసుకున్నాడు.

రఫియా రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద ముద్దలు మూటకట్టి సైకిల్ హ్యాండిల్‌కు తగిలించింది. "సైకిల్ ఇడిసిపెట్టి ఎటూ పోకు ఘనీ" అని తమ్ముడికి రెండుసార్లు చెప్పింది. తనకు ఆ మాట చెప్పాలా అని ఘనీ నొచ్చుకున్నాడు.

గుట్ట ఎక్కుడు వచ్చేదాకా ఒకరు తొక్కి, ఒకరు వెనక కూర్చుని పోయారు. ఆ తర్వాత దిగి తోసుకుంటూ నడిచారు. రెండు వైపులా మోదుగలు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. మస్కట్ నుంచి తెచ్చిన నల్లకళ్లద్దాలూ వెడల్పాటి ప్యాంటూ వేసుకున్న మొయినుద్దీన్ కెమెరా తీసినప్పుడల్లా, పైకి పోయాక తీసుకోవచ్చని ఘనీ తొందరపెట్టాడు. ఎండుటాకు కదిలితే ఆగాడు. తొండ ఉరికితే చెమట పట్టింది. బెల్లు మీంచి మాత్రం వేలు తీయలేదు.

"చప్పుడు చేసుకుంట పోతే అది తొలిగిపోతది భాయ్" అన్నాడు.

సందు పైభాగాన ఇప్పచెట్టు ఉంది. దాని కింద నల్లగా ఒకటి వంగి, రాలిన పువ్వు ఏరుకుంటోంది. బెల్లు మోగగానే కదలకుండా ముడుచుకుంది. తర్వాత నాలుగు కాళ్ల మీద పొదలోకి పాకింది.

ఘనీ ఇరవై ఏళ్లలో చేయని పని చేశాడు. సైకిల్ వదిలేశాడు. ఇద్దరూ బాట చూడకుండా, రేగుకంపల్లోంచి పడుతూ లేస్తూ రోడ్డు దాకా ఉరికారు. అక్కడ ఊపిరి తీసుకుని మొయినుద్దీన్ అలవాటుగా గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. సంచి లేదు.

ఆ సంచి పోతే మస్కట్ పోయినట్టే. మళ్లీ మద్నూర్‌లో పత్తి మూటలు మోసే పనే గతి. ఏడుపు ఆపుకుంటూ వెనక్కి రెండడుగులు వేశాడు. అప్పుడే ఆ నల్లటిది బాట వెంట దిగుతూ కనిపించింది.

"రెండు కాళ్ల మీద వస్తున్నది భాయ్" అన్నాడు ఘనీ.

ఇంతలో కట్టెల లారీ ఒకటి వచ్చింది. అది ఆగిందో లేదో వాళ్లకు తెలియదు గానీ ఎక్కేశారు.

ఎల్లారెడ్డి బస్టాండులో లారీ చాయ్ కోసం ఆగింది. మొయినుద్దీన్ పాస్‌పోర్టు ఎలుగుబంటి పట్టుకుపోయిందని ఘనీ అక్కడ ఒక్క మనిషికే చెప్పాడు. చాయ్ హోటల్ దాటేసరికి మెడలోంచి లాక్కుపోయిందన్నారు. మసీదు దగ్గర మెడ మీద కొరికిందన్నారు. మాట వాళ్ల గల్లీకి చేరేసరికి మొయినుద్దీన్ ఈ లోకంలో లేడు. పక్కింటి పోచవ్వ వచ్చి రఫియాను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. పోయినవాడు వాకిట్లోకి నడిచి వచ్చేసరికి, అరవై ఏళ్ల పోచవ్వ మూడడుగుల గోడ దూకి తన ఇంట్లో పడింది.

రఫియా మొగుడి అంగీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. అంతలోనే కళ్లు తుడుచుకుని, సైకిల్ ఏదని అడిగింది. మనుషులు బతికి వస్తే సైకిల్ సంగతి అడుగుతావా అని ఘనీ బాధపడ్డాడు. ఆమె ఏదో చెప్పబోయేలోపు వాకిట్లో నల్లగొంగడి కప్పుకున్న మనిషి చేతులు జోడించి నిలబడ్డాడు. పేరు మైసన్న, గుట్ట కింది ఊళ్లో గొర్లకాపరి. జోడించిన చేతుల మధ్య గుడ్డసంచి ఉంది.

"తప్పయింది సార్" అని మొయినుద్దీన్ కళ్లద్దాలకు మొక్కాడు. "పువ్వు సార కాసేటందుకు కాదు, బర్రెకు పెడదామని ఏరిన. బెల్లు ఇని గార్డు సాబు అనుకోని గొంగడి కప్పుకోని పాకిన. సర్కారు కాయితం పడేసుకోని పోతున్నరని ఎంబడి ఉరికిన."

ఆ దారిలో బెల్లు కొట్టుకుంటూ వచ్చే సైకిల్ ఫారెస్టు గార్డుది ఒక్కటేనట. వెనకాలే వచ్చిన బస్సెక్కి, దొరికిన కాయితాన్ని బస్టాండులో చదువొచ్చిన వాళ్లకు చూపించి ఇల్లు కనుక్కున్నాడు. సైకిల్ ముట్టుకుంటే ఇంకో కేసవుతుందని దాన్ని అక్కడే వదిలేసి వచ్చాడు.

మొయినుద్దీన్ మైసన్నను కౌగిలించుకున్నాడు. సంచి విప్పాడు. అందులో రేషన్ కార్డు ఉంది.

"నేనే మార్చిన" అంది రఫియా. "ఇంట్ల పెడ్దామంటే నువ్వు ఒప్పుకోవు. నీ మెడల ఉంటే ఏ కంపకో తెగిపోతది. పాణం పోయినా ఘనీ సైకిల్ ఇడువడని మలీద మూటల పెట్టిన."

అందరూ ఘనీ వైపు చూశారు. ఘనీ గోడ వైపు చూశాడు.

మధ్యాహ్నం బస్సు పట్టుకుని ముగ్గురూ మళ్లీ గుట్టకు పోయారు. ఈసారి బెల్లు లేదు, అది సైకిల్‌కే ఉంది. మైసన్న ముందు దగ్గుకుంటూ నడిచాడు. సందు పైకి చేరేసరికి, పడి ఉన్న సైకిల్ పక్కన నల్లగా ఒకటి కూర్చుని మూట విప్పుకుంటోంది. ఘనీకి ధైర్యం వచ్చింది.

"మీ ఊరోడేనా మైసన్నా?"

"అది గొంగడి కాదు సాబు" అన్నాడు మైసన్న మెల్లగా.

ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని బండ వెనక కూలబడ్డారు. మొయినుద్దీన్‌కు మస్కట్ ముద్ద ముద్దగా తగ్గిపోతూ కనిపించింది. ఎలుగు మలీద అంతా తిని, గుడ్డ నమిలి, బెల్లం అంటిన హ్యాండిల్ నాకింది. సీటు మీద పంజా వేసి చీల్చింది. ఘనీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పంజా ఇంకోసారి లేచి బెల్లు మీద పడింది. బెల్లు గణగణమంది. ఎలుగు ఉలిక్కిపడి, గుడ్డ వదిలేసి, వెనక్కి చూడకుండా లోయలోకి ఉరికింది.

"చెప్పిన గద భాయ్" అన్నాడు ఘనీ, పళ్లు టకటక కొట్టుకుంటుండగా.

పాస్‌పోర్టు గుడ్డలోనే దొరికింది. అట్ట మూల మీద నాలుగు పంటిగాట్లు తప్ప మిగతాదంతా బాగానే ఉంది. ఫోటో తీసే సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ గాట్లేమిటని బొంబాయిలో అధికారి అడిగితే, ఎలుకలని చెప్పి మొయినుద్దీన్ విమానమెక్కాడు. మస్కట్‌లో కేరళ మిత్రుడికి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతను పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి చూసి, ఎలుకలై ఉంటాయన్నాడు.