సర్వర్లాయన అభినందన సభ

మనసు బాగోలేనివారికి ఫోనులో ధైర్యం చెప్పే ఒక సంస్థలో, సర్వర్‌కు చిల్లు పడిందని తెలిసిన మరుక్షణమే యాజమాన్యం యుద్ధప్రాతిపదికన సమావేశమై, ఆ సంగతి బయట ఎవరికీ చెప్పరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇంత వేగంగా ఆ సంస్థలో అంతకుముందు ఏ పనీ జరగలేదు.

చిల్లును కనిపెట్టింది, ఆ సర్వర్ బాగోగులు చూసే సర్వర్లాయనే అని అందరూ అనుకున్నారు. నిజానికి దాన్ని ఆ సర్వర్‌లోని సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళే లోకమంతటికీ చాటారు. అతను చేసిందల్లా ఆ ప్రకటన చదవడం. ప్రకటనలు చదివే అలవాటు ఆ సంస్థలో మరెవరికీ లేదు కాబట్టి, చదివినవాడే కనిపెట్టినవాడిగా చలామణి అయ్యాడు. అతను ఈ పొరపాటును దిద్దలేదు. జీవితంలో తనమీద పడిన మంచిపేర్లన్నీ ఇలాంటి పొరపాట్లేనని అతనికి తెలుసు.

ఈ విషయాలు తెలియని పాఠకులు ఉండరు. అయినా ఉన్నారనుకుని చెప్పడం మర్యాద. ఆ సంస్థకు ఉన్నది ఒకే ఒక్క పెద్ద యంత్రం, సర్వర్ అంటే అదే. దాని కడుపులో కొన్ని ఉత్తుత్తి యంత్రాలు ఉంటాయి. వాటినే వర్చువల్ మెషిన్లంటారు. ప్రతి ఒక్కటీ తానే అసలు యంత్రాన్నని, ఇల్లంతా తనదేనని నమ్ముతూ బతుకుతుంది. ఒకదాంట్లో, సంస్థకు ఫోను చేసి ఏడ్చినవాళ్ళ మాటలన్నీ భద్రంగా ఉంటాయి. ఇంకొకటి ఖాళీగా ఉండడం దేనికని చెప్పుల దుకాణానికి అద్దెకిచ్చారు. రెంటికీ మధ్య గోడ ఉంది. అదీ ఉత్తుత్తి గోడే. చిల్లు పడింది దానికే. చెప్పుల దుకాణంలో దూరినవాడెవడైనా ఆ చిల్లులోంచి పెద్ద యంత్రంలోకి పాకి, అక్కణ్ణుంచి ఏడుపుల గదిలోకి దిగవచ్చు.

చిల్లుకు అతుకు కూడా సిద్ధంగానే ఉంది. ప్యాచ్ అంటారు దాన్ని. కాణీ ఖర్చు లేదు. వేశాక మాత్రం పెద్ద యంత్రాన్ని ఒక్కసారి ఆపి, మళ్ళీ నడపాలి.

చిక్కు అక్కడే వచ్చింది. ఆ యంత్రం ఆగకూడదు. సంస్థ ముందు గదిలో, నీళ్ళ కూజా పైన, ఒక వెలిగే పలక ఉంది. ‘మా సర్వర్ మీకోసం ఆగకుండా పనిచేస్తున్న రోజులు’ అని దానిమీద అక్షరాలు, కింద ఎర్రటి అంకెలు. ఫోను చాలక గుండెదడతో నేరుగా వచ్చినవాళ్ళు ఆ అంకెలవంక చూస్తూ కూర్చుంటే కాస్త కుదుటపడతారని పెద్ద కౌన్సెలరమ్మ ఒక వ్యాసం కూడా రాసింది. ఏటా ఆ యంత్రానికి పుట్టినరోజు చేస్తారు. దానికి నోరు లేదు గనుక కొవ్వొత్తి సర్వర్లాయన ఊదుతాడు. అతని పుట్టినరోజు ఎప్పుడో సంస్థలో ఎవరికీ తెలియదు.

అనుమతి కోసం అతను సమావేశంలో నిలబడ్డాడు. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి, ఉపన్యాస ధోరణిలో అన్నారు:

“చూడండి. ఏళ్ళతరబడి ఆగకుండా కొట్టుకుంటున్న గుండె. దాని ఆరోగ్యం కోసం ఒక్క నిమిషం దాన్నే ఆపుదామంటే ఏ డాక్టరైనా ఒప్పుకుంటాడా?”

“గుండె కాదు సార్, యంత్రం.”

“మీకు యంత్రం. మాకు గుండె.”

పెద్ద కౌన్సెలరమ్మ మెత్తగా కలగజేసుకుంది. “చిల్లు అనే మాటలోనే కొంత హింస ఉంది సార్. ఆ యంత్రం మనసు విప్పాలని ప్రయత్నిస్తోందేమో. మనం కంగారుపడి మూసేస్తే అది లోపల్లోపలే కుమిలిపోతుంది.”

ఆమె మాటను అందరూ తలలూపి ఆమోదించారు. ఆ రోజునుంచి చిల్లును ‘కిటికీ’ అని వ్యవహరించాలని నిర్ణయమైంది. భద్రత విషయంలో అలసత్వం చూపారన్న మాట రాకూడదు గనుక రెండు కఠినచర్యలు కూడా చేపట్టారు. ఒకటి: పక్కవారి గదిలోకి తొంగిచూడరాదని చెప్పుల దుకాణానికి గట్టిగా చెప్పడం. రెండు: ‘మా గోడలన్నీ దిట్టంగా ఉన్నాయి, ముఖ్యంగా చెప్పుల దుకాణం వైపు’ అని సంస్థ వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో ప్రకటించడం. కన్నం కోసం తిరుగుతున్న దొంగలకు దారి ఇంత స్పష్టంగా చెప్పిన సంస్థ మరొకటి ఉండదు.

సర్వర్లాయన బయటికి వచ్చి తన కుర్చీలో కూలబడ్డాడు. సంస్థ ఏమైపోతుందోనన్న దిగులు అతనికి లేదు. ఆ ఏడుపుల గదిలో అతని గొంతు కూడా ఉంది. అదీ దిగులు.

ఉద్యోగులకు కౌన్సెలింగ్ ఉచితం. ఉచితం కదా అని అతను మధ్యాహ్నాలు వెళ్ళి, చీకటి గదిలో, మెత్తటి కుర్చీలో కూర్చుని, తన లోపల ఉన్నదంతా చెప్పుకున్నాడు. ఉన్నదంతా అంటే పెద్దగా ఏమీ లేదు. ఏ నేరమైనా దొరుకుతుందేమోనని చాలా లోతుకు దిగి వెతికాడు. ఒక్కటే దొరికింది. భార్య పుట్టింటివాళ్ళు ఎప్పుడు భోజనానికి పిలిచినా ‘సర్వర్ చెడిపోయింది’ అని చెప్పి ఎగ్గొడుతున్నాడు. పుట్టినరోజులు, పెళ్ళిళ్ళు, ఆస్పత్రి పరామర్శలు, అన్నిటికీ సర్వర్ చెడిపోయింది. సర్వర్ మాత్రం ఒక్కసారీ చెడిపోలేదు. ఈ ఒక్క వాక్యాన్ని అతను చిన్నతనం దగ్గరనుంచి మొదలుపెట్టి, భయం, స్వేచ్ఛ, ఏకాంతం మీదుగా తిప్పి, చాలా మధ్యాహ్నాలు చెప్పాడు. ఆ రికార్డు ఎవడి చేతికైనా చిక్కి భార్య చెవిన పడితే?

అతుకు వేస్తానని అంత పట్టుబట్టడానికి కారణం అదీ. వద్దన్నప్పుడు లోలోపల కొంచెం హాయిగా అనిపించడానికి కారణం వేరే. ఆ పలకమీది అంకెలు తప్ప అతని జీవితంలో పెరుగుతూ వచ్చింది మరొకటి లేదు. పొట్టను లెక్కలోకి తీసుకోకపోతే.

ఇంట్లో పరిస్థితి మరో రకం. స్నానాలగది తలుపుకు లోపలి గొళ్ళెం ఊడిపోయి చాలాకాలమైంది. బిగించాలంటే తలుపు దించాలి. దించితే ఒక పూట స్నానాలగది పనికిరాదు. అందువల్ల ఆ కుటుంబం ఒక ప్రత్యామ్నాయ భద్రతా విధానాన్ని అమల్లో పెట్టుకుంది. లోపల ఉన్నవాళ్ళు ఉన్నంతసేపూ ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉండాలి. భార్య కూనిరాగం తీస్తుంది. కూతురు పాఠాలు అప్పజెప్తుంది. అతను దగ్గుతాడు.

“ఏవండీ, ఆ గొళ్ళెం సంగతి?”

“ఆదివారం చూద్దాం.”

“ఆదివారం తమ్ముడింట్లో భోజనమండీ. మనల్ని రమ్మన్నాడు.”

“అయ్యో. సర్వర్ కాస్త తేడాగా ఉంది. ఆదివారానికి పూర్తిగా చెడిపోయేలా ఉంది.”

“పాపం, మళ్ళీనా?” అంది ఆమె, ఎంతో జాలిగా. వెంటనే తమ్ముడికి ఫోను చేసి, “మీ బావగారికి వీలు కాదురా, సర్వర్ అట” అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు విన్నప్పుడల్లా అతనికి తన అపరాధభావం ఎంత లోతైనదో అర్థమై, తన మీద తనకే గౌరవం కలిగేది.

ఒకనాటి మధ్యాహ్నం, అందరూ భోజనాల దగ్గర ఉండగా, ముందు గదిలో కూర్చునే ఆమె పరుగున వచ్చింది. “సర్, పలకమీద సున్నా పడిందండీ.”

సర్వర్లాయన చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తి తెరముందు కూర్చున్నాడు. కాసేపటికి విషయం తెలిసింది. దొంగ వచ్చాడు. చెప్పిన దారినే, చెప్పుల దుకాణం వైపునుంచే వచ్చాడు. వచ్చి, చూడవలసినవి చూసి, పోతూ పోతూ తనే అతుకు వేసి, యంత్రాన్ని ఆపి, మళ్ళీ నడిపి వెళ్ళాడు. తన వెనక మరో దొంగ రాకుండా చేసుకున్న ఏర్పాటది. పని పొందికగా ఉంది. సర్వర్లాయన ఏనాటినుంచో వాయిదా వేస్తూ వచ్చిన చిల్లర మరమ్మతులు కూడా ఆ మహానుభావుడు పనిలో పనిగా పూర్తిచేశాడు.

దొంగ ఏం విన్నాడో యంత్రం రాసుకున్న పద్దులో వెతికాడు. దొంగ ఎవరివో నాలుగు రికార్డులు చివరిదాకా విన్నాడు. తరువాత సర్వర్లాయనది తెరిచాడు. మొదట్లోనే, చిన్నతనం దగ్గరే, ఆపేశాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

రహస్యం దక్కినందుకు సంతోషించాలి. అతను సంతోషించాడు కూడా. కాని ఎక్కడో చివుక్కుమంది. ఇన్ని కష్టాలు పడి గోడ దూకి వచ్చినవాడు, అసలు ఘట్టం దాకా ఓపిక పట్టలేకపోయాడా? ఆ నలుగురి దుఃఖంలో ఉన్నదేమిటి, తన దుఃఖంలో లేనిదేమిటి?

డైరెక్టరుగారు పలకముందు నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. తరువాత సర్వర్లాయనను పిలిపించారు.

“మాకు చెప్పకుండా అతుకు వేసేశారన్నమాట.”

“నేను కాదు సార్. ఎవరో లోపలికి వచ్చి వేశారు.”

నిజమే చెప్పాడు. కాని ఎంత మెల్లగా చెప్పాడంటే, అది అచ్చం వినయంలాగే వినిపించింది. పెద్ద కౌన్సెలరమ్మ కళ్ళు చెమర్చాయి. “చూశారా సార్, తన లోపల ఉన్న ధైర్యవంతుణ్ణి తానే పరాయివాడనుకుంటున్నారు. ఎవరో వచ్చారట. ఆ ఎవరో మీరేనండీ.”

శాస్త్రం తెలిసినవాళ్ళు చెప్పినప్పుడు కాదనడం సభ్యత కాదని అతను ఊరుకున్నాడు. దొంగ విన్న ఆ నలుగురికీ ఈ సంగతి చెప్పాలా అన్న ప్రశ్న సమావేశంలో రానే లేదు. మనసు బాగోలేనివాళ్ళను కలవరపెట్టరాదన్నది సంస్థ మూలసూత్రం.

అభినందన సభ ఏర్పాటైంది. కుటుంబ సమేతంగా రమ్మన్నారు. భార్య ముందు వరసలో కూర్చుని, ఫోను ఎత్తి పట్టుకుని, సభ మొత్తం తమ్ముడింటికి చూపిస్తోంది. పలకమీద సున్నా లేదు. సంస్థ ప్రతిష్ఠ దృష్ట్యా పాత అంకెలే మళ్ళీ ఎక్కించారు. డైరెక్టరుగారు గొంతు సవరించుకున్నారు.

“ఈ అతుకు కోసం మొన్న ఆపిన ఒక్క మధ్యాహ్నం మినహాయిస్తే, మన సర్వర్ పుట్టిన నాటినుంచి ఒక్క రోజు, ఒక్క పూట, మాటవరసకు ఒక్క ఆదివారమైనా చెడిపోయిందా? లేదు. ఎందుచేత? ఈ మహనీయుడి చేత.”

చప్పట్లు మోగాయి. సర్వర్లాయన భార్యవైపు చూశాడు. ఆమె చప్పట్లు కొట్టడం లేదు. చేతిలో ఫోను ఉండడం వల్లనే అయి ఉంటుందని అనుకోవడానికి అతను చాలా ప్రయత్నించాడు. ఇన్నాళ్ళూ ఏ గోడకు కాపలా కాశాడో ఆ గోడలోంచి పోలేదు. రహస్యం మైకులోంచి వెళ్ళింది.

సభ ముగిశాక ఇంటికి నడిచారు. మలుపు దగ్గర అతను ఆగాడు.

“నేను నీకు అబద్ధం చెప్పాను.”

“తెలుసండీ.”

“ఇవాళ తెలిసిందా?”

“ఎప్పుడో తెలుసు. సర్వర్ చెడిపోతే ఎవరైనా ఆఫీసుకెళ్తారు. మీరు ఇంట్లో పడుకుని నిద్రపోతారు.”

“మరి ఒక్కసారైనా అడగలేదేం?”

“అడిగితే వస్తానంటారేమోనని.”

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆమె విసుగ్గా చేతిసంచీ భుజం మార్చుకుంది.

“మీరు ఆ ఆఫీసులో చేరినప్పటినుంచీ ఎవరింటికెళ్ళినా వాళ్ళ మనసులో ఏముందో చెప్తారు కదండీ. మా తమ్ముడు రెండోసారి కూర వేయించుకుంటే, లోపలేదో వెలితి ఉందన్నారు. వాడు ఆ రోజునుంచి సరిగ్గా తినడం లేదు. మీరు రావట్లేదంటే వాళ్ళంతా ఎంత కులాసాగా భోంచేస్తారో తెలుసా? ‘అక్కా, బావగారి సర్వర్ ఎలా ఉంది’ అని ముందే అడుగుతాడు. బాగాలేదంటేనే కుర్చీలు వేస్తాడు.”

“మరి నీ నిట్టూర్పు?”

“అలా అంటేనే కదా నమ్మకంగా ఉండేది.” ఆమె ఫోనువంక చూసుకుంది. “ఇప్పుడు సభంతా వాళ్ళకి చూపించేశాను. సర్వర్ ఎప్పుడూ చెడిపోదని వాళ్ళ చెవులారా విన్నారు. ఇక పిలవక వాడికి తప్పదు, వెళ్ళక మనకి తప్పదు. అందరికీ పనికొచ్చే ఒక్క చిల్లునీ పూడ్చేశారు కదండీ.”

ఆ ఆదివారం సర్వర్లాయన, చాలా ఏళ్ళ తరువాత, బావమరిది ఇంటికి వెళ్ళాడు. మెట్లెక్కుతుంటే లోపల్నుంచి పళ్ళేల చప్పుడు, నవ్వులు వినిపించాయి. తలుపు తీసే ఉంది. బావమరిది గుమ్మంలోకి ఎదురొచ్చి, “రండి బావగారూ” అని, లోపలివాళ్ళకు వినపడేంత గట్టిగా దగ్గాడు.

నవ్వులు ఆగిపోయాయి.

ఆ దగ్గు సర్వర్లాయనకు బాగా తెలుసు. గొళ్ళెం లేనిచోట తను దగ్గేదీ అలాగే. పాఠకులు ఏ ఇంటికి వెళ్ళినా, గుమ్మంలో అడుగుపెట్టగానే ఎవరైనా దగ్గితే, జలుబు చేసి ఉంటుందని భావించవలసిందిగా మనవి.