దుప్పటి చాటున డీఎన్ఏ

ఆ ఉదయం బిందు వేసుకున్న పథకం చాలా చిన్నది. కావలిలోని తమ ఇంట్లో కంప్యూటర్ లెక్క వేస్తూ ఉంటుంది, తను కాలేజీలో క్లాసులు చెప్పి మధ్యాహ్నానికి తిరిగొస్తుంది. ఫలితం ఈరోజే పంపకపోతే చెన్నై సదస్సులో ఆమె పేరు ఉండదని పీహెచ్‌డీ గైడు సుశీల్ కుమార్ గారు ఖరాఖండిగా చెప్పేశారు. లెక్క మధ్యలో ఆగితే వారం రోజుల కష్టం గంగపాలే. భయమల్లా ముసలి ఇన్వర్టర్‌తోనే. కరెంటు పోయినప్పుడు టీవీ కట్టేయమని తాత కామాక్షయ్యకు చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది.

వెళ్తూ వెళ్తూ అవ్వ వెంకటశేషమ్మకు కాపలా అప్పజెప్పింది. "ఇది చర్మరోగం మందవ్వా. వెలుతురు తగిలితే పోయి డీఎన్ఏను పట్టుకుంటాది. ఎట్ట పట్టుకుంటాదో కంప్యూటర్ లెక్కేస్తా ఉంది. కదిలించబాక."

కిటికీలోంచి ఎండ నేరుగా కంప్యూటర్ మీదే పడుతోంది. మనవరాలు రాకముందే మందు పట్టేసుకుంటే ఎవరిది పూచీ? వెంకటశేషమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టి, ఆ గది తలుపు మూసి, గడపకు అడ్డంగా కూర్చుంది.

ఎదురింటి రోజారమణి అది చూసి, బిందుకు అమ్మవారు పోసిందని తేల్చేసుకుంది. అలాంటి ఇంట్లో ఆరాలు తీయకూడదు. అందుకని ఏమీ అడక్కుండానే గుమ్మానికి వేపమండలు కట్టి, తాలింపు వద్దంది, టీవీ కట్టేయమంది, ఫ్యాన్ గాలి అసలే పనికిరాదంది. ఇవన్నీ బిందు రోజారమణికి ఫోన్ చేసి చెప్పిన జాగ్రత్తలేమోననుకుని వెంకటశేషమ్మ తు.చ. తప్పకుండా పాటించింది. కంప్యూటర్‌కు వేపాకు ఎందుకో మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. చదువుకున్న పిల్ల, ఏదో ఉంటుందిలే అని సరిపెట్టుకుంది.

పొలం నుంచి వచ్చిన కామాక్షయ్య గుమ్మం చూసి నీరుగారిపోయాడు. ఆయనా అడగలేదు. టీవీ వైపు కన్నెత్తి చూడకుండా, చెమటలు కక్కుకుంటూ, మూసిన తలుపుకు దండాలు పెడుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం బిందు వీధి మలుపు తిరగగానే జనం పక్కకు తప్పుకున్నారు. ఆమెను చూసి తాత గుడ్లప్పగించాడు.

"నువ్వు లోపల కదా ఉండేది?"

"నేను కాలేజీ నుంచి వస్తా ఉండా తాతా. లోపల ఎవరుండారు?"

"అదే నాకూ తెలీడంలా."

పొద్దున బిందు అటు వెళ్లగానే పోయిన కరెంటు ఇంకా రాలేదని రోజారమణి వాకిట్లోంచి చెప్పింది. బిందు ఒక్క ఉదుటున వెళ్లి తలుపు తోసింది. చీకట్లో కంప్యూటర్ తెర వెలుగుతోంది. లెక్క పూర్తయింది. ఫ్యాన్లు, టీవీ ఆపేయడంతో ఇన్వర్టర్ ఆ ఒక్కదాన్నే ఇంతసేపూ మోసింది. మందు డీఎన్ఏను చక్కగా పట్టుకుంది. బిందు ఏడుస్తూనే ఫలితం పంపించింది.

వెంకటశేషమ్మ మాత్రం గది నాలుగు మూలలూ పరికించింది. "ఇంత చీకట్లో దానికి వెలుతురు యాడ నుంచి వచ్చింది మే?"

"ఆ వెలుతురు కూడా లెక్కేనవ్వా."

అవ్వకు అదీ అర్థం కాలేదు.

తర్వాతి లెక్క మొదలుపెట్టిన రోజున బిందు గుమ్మానికి తనే వేపమండలు కట్టి కాలేజీకి వెళ్లింది.