ఫోటోకి ఆగని నీళ్ళు

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. పెద్దల దగ్గర యాప్ లేదు కాబట్టి ఏదో అనేశారు. ఇప్పుడు నీరు ఎటు పోయిందో, అసలు పోయిందో లేదో తేల్చడానికి ఇంకుడు ధ్రువీకరణ విభాగం ఉంది.

భవానీపురం శౌరమ్మకి ఈ సంగతి ఆలస్యంగా తెలిసింది. పెరట్లో నాచు పట్టిన నాపరాళ్ళ మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాక ఆవిడ పెరటి గడప దాటలేదు. ఎముక అతుక్కుంది గానీ, ప్రహరీ గోడ దగ్గర నిలబడి పక్కింటి వెంకటరత్నమ్మతో కబుర్లాడే సాయంత్రాలు పోయాయి. "ఫోనుందిగా అమ్మా" అంటే, "ఫోన్లో చెప్పేది చాడీరా. గోడ మీద చెప్పేది కష్టసుఖం" అంది కొడుకుతో.

కొడుకు ఫిన్నీ ఆ రాళ్ళు పీకించి రెజిన్ నేల వేయించాడు. సన్న గులకరాళ్ళని జిగురులో కలిపి పరుస్తారు. గట్టిపడ్డాక కాలు జారదు. నీళ్ళు పోస్తే రాళ్ళ సందుల్లోంచి చక్కా భూమిలోకి దిగిపోతాయి.

తప్పంతా అక్కడే జరిగింది.

నీళ్ళు ఇంకే నేల వేసినవాళ్ళు, ఇంకుతున్నాయని రుజువు చూపాలి. (ఇంకని సిమెంటు పోసినవాళ్ళు ఏమీ చూపక్కర్లేదు. వాళ్ళ మీద ప్రభుత్వానికి నమ్మకం.) రుజువయ్యేదాకా దాని మీద అడుగు పెట్టకూడదు. రుజువు కాకపోతే తవ్వేస్తారు.

అధికారి జయదేవ్ వచ్చి పెరటి గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టాడు. ఫిన్నీ చేత బిందెడు నీళ్ళు పోయించి ట్యాబ్ ఎత్తాడు.

"నీళ్ళేవండీ?"

"ఇంకిపోయాయండీ."

"నేను ఫోటో తియ్యకుండానే?" జయదేవ్ నొచ్చుకున్నాడు. "మొదటి ఫోటోలో నీళ్ళు నిలబడాలి, రెండో ఫోటోలో ఇంకిపోవాలి. నిలబడని నీళ్ళు ఇంకాయని ఎలా రాస్తామండీ?"

"నిలబడితే ఇంకనట్టే కదా నాయనా!" అంది శౌరమ్మ రిబ్బను ఇవతల నుంచి.

"మామ్మగారూ, మీరు చెప్పేది ప్రకృతి. నేను చెప్పేది పద్ధతి."

బకెట్లతో పోశారు. మోటారు పెట్టారు. ట్యాంకరు తెప్పించారు. భూమి తాగుతూనే ఉంది.

"బ్యారేజీ దగ్గర అంత కృష్ణే ఆగుతోంది, మీ నీళ్ళకేం రోగమండీ?" అన్నాడు జయదేవ్.

గోడ మీంచి వెంకటరత్నమ్మ తొంగి చూసింది. "శౌరమ్మొదినా! కాలవ తవ్విస్తున్నారా ఏంటి?"

"తవ్వకుండా ఉండటానికే పోస్తున్నారొదినా!" అని శౌరమ్మ అరిచింది. తర్వాతి మాటలు మోటారు మింగేసింది.

సాయంత్రానికి యాప్ తేల్చి చెప్పింది: రుజువు అందలేదు, తవ్వకానికి సిఫారసు. జయదేవ్ మంచివాడు (శాఖలో ఈ విషయం ఇంకా బయటపడలేదు), గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. "పైన పల్చగా సిమెంటు పూత వేసెయ్యండి. రికార్డులో రెజిన్ అనే ఉంటుంది."

వేశారు. నీళ్ళు అద్దంలా నిలబడ్డాయి, ఫోటోలో ఆకాశం కూడా పడింది. రెండో ఫోటో కోసం చీపురుతో తోసి, గోనెపట్టాతో తుడిచారు. "నూటికి నూరుపాళ్ళు ఇంకుడు నేల" అని ధ్రువపత్రం వచ్చింది. జయదేవ్ రిబ్బను కత్తిరించి తనే చప్పట్లు కొట్టాడు.

మొదటి వానకి పెరట్లో చీలమండల్లోతు నీళ్ళు నిలిచాయి. ఫిన్నీ ఫోన్ చేశాడు.

"రికార్డు ప్రకారం అక్కడ నీళ్ళు లేవండీ" అన్నాడు జయదేవ్.

లేని నీళ్ళలో అమ్మ మళ్ళీ జారుతుందని, ఫిన్నీ పెరటి తలుపుకి తాళం వేశాడు.